బియ్యంలో మా అమ్మాయి పేరు

అరవై నాలుగో సంవత్సరం, శ్రావణమాసం, ఆదివారం ఉదయం పదిన్నర. అనకాపల్లిలో మా అత్తవారింటి వసారాలో మా పెద్దమ్మాయి బారసాల. పళ్లెంలో పోసిన బియ్యం మీద బంగారపు ఉంగరంతో బిడ్డ పేరు తండ్రి రాయాలి. ఆ పేరు నా చేత్తో రాయాలనే, ముప్ఫై దాటాక, పగలు మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసి సాయంత్రం పెద్దవాళ్ల బడికి వెళ్లి అక్షరాలు దిద్దాను.

తీరా ఆ వేళకు అందరి కళ్లూ నా బావమరిది మీదే. విశాఖపట్నంలో ఇంగ్లీషు ఆనర్సు చదువుతున్నాడు. పూర్వం ఇంగ్లీషులో ‘ఫలానా పేరుగల’ అనడానికి ‘ఇక్లెప్ట్’ అనేవారని చెబుతున్నాడు.

“ఇప్పుడెవులూ అనరు. పాత పద్యాల్లో ఉంటాది. అది పుట్టిన మాటకి అర్థం పిలవడం, కేకెయ్యడం.”

“ఇంగ్లీసోళ్లకీ కేకలేనేటి!” అని నవ్వాడు, బారసాలకొచ్చిన సాయిబు; వీధి చివర గిన్నెలకు కళాయి వేస్తాడు.

నా భార్య నోరు తెరిచి తమ్ముణ్ణే చూస్తోంది. నేను మొదటిసారి సంతకం చేసి చూపించినప్పుడు “ఆఁ, బాగుంది” అని మళ్లీ చేటలో రాళ్లు ఏరుకున్న మనిషి! నాకు ఒళ్లు మండింది.

అంతలో మా అత్త ఉంగరం తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

“నువ్వు రాయిరా నాయనా. మీ బావ రాత్తే వంకరపోతాది.”

“బావా, రాసీమంటావా?” అని అడిగాడు వాడు. ఆ మర్యాద నన్ను ఇంకా మండించింది.

“నీకూ పెళ్లవుతాది, పిల్లలు పుడతారు. అప్పుడు రాసుకో. ఇలాగియ్యి.”

“అబ్బో, అల్లుడికి కోపవొచ్చింది!” అన్నాడు మా మామ.

ఉంగరం లాక్కున్నాను. సున్నా దగ్గర బియ్యం జారి పూడిపోతే మళ్లీ చుట్టాను. పూర్తయ్యాక నా భార్య పళ్లెంలోకి చూసి, తమ్ముడి వైపు తిరిగింది.

“సరిగ్గానే రాసేడేట్రా?”

“బానే ఉందప్పా” అని వాడు అక్క ఒళ్లోంచి పిల్లను ఎత్తుకుని, ఆ పేరుతో ఇల్లంతా వినబడేలా కేకేశాడు. పిల్ల ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. అందరూ నవ్వారు.

పేరంటే పిలవడమేనని వాడే చెప్పాడు. ఆ లెక్కన మా అమ్మాయికి పేరు పెట్టింది వాడే. నేను రాశాను, అంతే. ఆ కుళ్లు నాకు ఇప్పటికీ పోలేదు, పోతుందని కూడా అనుకోను.

ఆ పూట ఆ వసారాలో ఉన్నవాళ్లం మా అత్త, మామ, నా భార్య, ఆవిడ తమ్ముడు, కళాయి సాయిబు, మా అమ్మాయి, నేను.