దీపాలవేళ వీధి తలుపు

ఆ రోజుల్లో పాలిటెక్నిక్ చదివి ఇంటికొచ్చినవాడి కంటికి సొంతింటి గోడలన్నీ తప్పుగానే కనిపించేవి, నాకు మరీను. పత్తికి తెల్లదోమ పట్టి మా పల్నాడు రైతులు అల్లాడిపోతుంటే, మందు కొట్టడానికి ఒక చిన్న విమానం వచ్చింది. మందు పొలాల మీద, మోత మా ఇంటి మీద. అది వెనక్కి తిరిగేది సరిగ్గా మా కప్పు మీదనే. ఇంట్లో అక్క ఉంది. రెండుసార్లు కడుపు పోయి, ఈసారి మంచం దిగొద్దని డాక్టరమ్మ అంటే పుట్టింటికొచ్చింది. మోత వినపడినప్పుడల్లా ఉలిక్కిపడి పొట్ట పట్టుకునేది. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

ఇంటి ముందుభాగం మార్చేస్తానన్నాను. వీధిగోడకి జానెడు ఎడంగా ఇంకో గోడ, మధ్యలో వరి ఊక, కిటికీలకి లోపలొక జత, బయటొక జత తలుపులు, వీధి తలుపు అంచుల చుట్టూ సైకిల్ ట్యూబు ముక్కలు (మెకానిక్ ఊరికే ఇచ్చాడు, నామీద జాలిపడి ఇచ్చాడని తర్వాత తెలిసింది). గోడ కడుతున్న మేస్త్రి మావ, "ఏంది అల్లుడూ, దీంట్లో మనుషులుంటారా, జొన్నలు పోస్తారా?" అన్నాడు. నేను నవ్వలేదు. శాస్త్రం తెలిసినవాడు నవ్వకూడదని అప్పట్లో నా నమ్మకం.

పని పూర్తయిన మర్నాడు పొద్దున విమానం వస్తే, లోపల తేనెటీగ తిరిగినట్టుంది, అంతే. గర్వంతో ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. సాయంత్రానికి అక్క మొహం పాలిపోయింది. "పొద్దున్నించీ లోపల కదల్లేదురా," అంది, నాకు మాత్రమే వినపడేట్టు. కిందటి రెండుసార్లూ అలాగే మొదలైంది. నరసరావుపేట ఆసుపత్రికి బండి మాట్లాడదామని చెప్పులేసుకుంటున్నాను. అంతలో దీపాలవేళయింది. అమ్మ రోజూలాగే పెరటి తలుపు మూసి, నా ట్యూబుల తలుపు బార్లా తెరిచింది. గాలి నిలిచే ఆ వేళకి విమానమూ మళ్లీ వచ్చేది. అన్ని గీతలు గీసినవాడికి ఈ సంగతి తట్టనేలేదు. "మూయవే అమ్మా, విమానం వస్తంది," అన్నాను. "దీపాలవేళ వాకిలి మూస్తే లక్ష్మి యాడికి పోద్దిరా," అని ఆవిడ కదల్లేదు. మోత ఇల్లంతా నిండిపోయి వంటింట్లో గిన్నెలు అదిరాయి. అక్క పొట్ట పట్టుకుంది. "ఒరేయ్, తన్నింది," అంది. ఏడుస్తూనే నవ్వింది. "మళ్లీ తన్నిందిరా." అమ్మ ఇదేమీ ఎరగక వత్తి ఎగదోసుకుంటోంది.

ఆ తర్వాత నా ఉద్యోగమంతా విమానాశ్రయాల పక్కన ఇళ్లకి, మోత రాని ముందుగోడలు గీయడంలోనే గడిచింది. ఆ పుట్టిన పిల్ల, నా మేనకోడలు, గుసగుసలు కూడా గట్టిగానే చెబుతుంది. అక్క మాత్రం పుట్టింటికొచ్చినప్పుడల్లా వచ్చినవాళ్లకి ఆ గోడ చూపించి, "మా తమ్ముడు కట్టాడు. చానా బాగుంటది, తలుపు తీస్తే," అంటుంది. శాస్త్రం తెలిసినవాణ్ని కదా, నవ్వకూడదనే అనుకుంటాను. కానీ నవ్వొస్తుంది.