డైనింగ్ టేబుల్ మీద గోల్కొండ

రోజూ పొద్దున్నే గిరిప్రసాద్ గారు స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం వెలిగించి, డైనింగ్ టేబుల్ మీద కప్పిన పాత దుప్పటిని ఒక కొస పట్టుకుని ఎత్తి చూసేవారు. దేన్నీ ముట్టుకునేవారు కాదు. చూసుకుని, తృప్తిగా మళ్లీ కప్పి, నాచారంలో డ్యూటీకి బయల్దేరేవారు.

దుప్పటి కింద గోల్కొండ ఉండేది. ఔరంగజేబు సైన్యం కోటను ముట్టడించడం, కోటవాళ్లు దాన్ని కాచుకోవడం, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఆడే ఆట. గళ్ల పటం, ఒక్కో దళానికి ఒక్కో అట్ట బిళ్ల, పాచికలు, పంచాంగమంత నిబంధనల పుస్తకం. ఆరితేరినవాళ్లకే అని డబ్బా మీదే ఉంది. సైన్యానికి తిండిగింజలు ఏ దారిన చేరతాయి, వాన పడితే ఫిరంగులు ఎక్కడ ఆగిపోతాయి, అన్నీ ఆలోచించుకోవాలి. ఒక్క ఆటకు నెలలు పట్టేవి. అన్ని నెలలూ ఆయన భార్య అమృత గారు కింద చాప పరిచి అందరికీ వడ్డించేవారు.

"మొగలాయిలు లేచాక మేమూ బల్ల మీద తింటాంలెండి" అనేవారు నవ్వుతూ. అలాంటి ఓర్పు దేవుడు అందరికీ ఇవ్వడు.

రేపల్లె నుంచి వచ్చి చిల్కానగర్‌లో స్థిరపడిన ఆయనకు ఆటలో జోడీ జీవన్ కుమార్. నాచారంలో మోటార్లు బాగుచేసే షాపు అతనిది. ఆదివారం చర్చి అవగానే బైబిలు సంచితోనే వచ్చేసేవాడు. ఎప్పుడూ కోట జీవన్‌ది, ముట్టడి గిరిప్రసాద్ గారిది. ఉన్న కాసిని బిళ్లలతో కోటను కాయడమే ఈ ఆటలో కష్టం.

పోయిన వానాకాలం, ఆట సగంలో ఉండగా, గిరిప్రసాద్ గారికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. జీవన్ దవాఖానాకు వెళ్లి ప్రార్థన చేసేవాడు, ఆయనకు గడ్డం కూడా తనే గీసేవాడు. ఇంటికి రాగానే ఆయన అడిగిన మొదటి మాట, "దుప్పటి తియ్యలేదుగా?"

తియ్యలేదు. పరామర్శకు వచ్చిన చుట్టాలు కూడా చాప మీదే తిని వెళ్లారు.

మళ్లీ ఆట మొదలుపెట్టిన ఆదివారం, ఆయన ఎడమచేత్తో ఒక బిళ్ల జరపబోతే పక్కవి చెదిరిపోయాయి. జీవన్ ఓపిగ్గా సర్దాడు. తన వంతు రాగానే కోట దర్వాజా దగ్గరి పహరా బిళ్లను తీసి బురుజు మీద పెట్టాడు. ఇక మొగలాయిలు నేరుగా లోపలికి నడిచి రావచ్చు.

గిరిప్రసాద్ గారు పటం మీంచి తలెత్తారు.

"తలుపు ఎందుకు వదిలావు?"

"సూస్కోలే అన్నా."

"ఇన్నేళ్లలో ఎప్పుడైనా చూసుకోకుండా ఆడావా నువ్వు?"

జీవన్ తల దించుకున్నాడు. "జర ఖుష్ అయితవని..."

"అప్పట్లో ఔరంగజేబు దగ్గర లంచం తిని కోట తలుపు తీశారంటే అర్థముంది. నువ్వు జాలిపడి తీస్తావేంట్రా? పడిపోయింది చెయ్యి, బుర్ర కాదు. సరిగ్గా ఆడనంటే చెప్పు, దుప్పటి తీసి మీ వదినకు ఉతకడానికిస్తా."

"ఉతికితే చేతికి పీలికలొస్తాయి" అన్నారు అమృత గారు వంటింట్లోంచి.

బిళ్ల మీంచి చెయ్యి తీశాక వెనక్కి జరపకూడదని వాళ్లిద్దరి కట్టుబాటు. ఆ ఒక్కసారికి గిరిప్రసాద్ గారే ఆ కట్టుబాటు దాటి, పహరాను ఎడమచేత్తో తిరిగి దర్వాజా దగ్గర నిలబెట్టారు. పక్క బిళ్ల చెదిరింది. జీవన్ చెయ్యి చాపబోయి ఆగాడు. ఆయనే సర్దుకున్నారు.

"ఇగ సూడు, నిన్ను ఎట్ల ఏడిపిస్తనో!" అన్నాడు జీవన్.

అన్నంత పనీ చేశాడు. ఆటలో వానలు పడ్డాయి, మూసీ పొంగింది, మొగలాయిల గుడారాలకు గింజలు అందలేదు. కొన్ని ఆదివారాల తర్వాత ముట్టడి విరిగిపోయింది. గిరిప్రసాద్ గారు గుమ్మంలోకి వచ్చి పక్కింటివాళ్లను పిలిచి మరీ చెప్పారు: "మా జీవన్ నన్ను చిత్తుగా ఓడించాడండీ!" గెలిచినవాడి ముఖంలో కూడా అంత గర్వం లేదు.

ఆ మధ్యాహ్నం అమృత గారు బల్ల మీద వడ్డించారు. అన్నంలో చారు పోయించుకుంటూ గిరిప్రసాద్ గారు జీవన్ వైపు తిరిగారు.

"నాకో సాయం చేసిపెట్టాలి."

"చెప్పు అన్నా."

"ఈసారి కోట నాకియ్యి."