మర్యాదగా నొప్పి పడ్డ రోజు

నొప్పి ఉందని నిరూపించుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళి, లేదని స్వయంగా సాక్ష్యం చెప్పిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే మా ఇంటికి రండి, టీ కూడా ఇస్తాను. నేను రాయడం ఆలస్యంగా నేర్చుకున్నాను కాబట్టి ఈ అప్రతిష్ట ఇన్నాళ్ళూ దాగింది.

ఇంగ్లండులో మిల్టన్ కీన్స్ అనే ఊళ్ళో ఉండగా నాకు మెడ నుంచి మడమల దాకా నొప్పులు. పొద్దున లేస్తే, రాత్రంతా నన్నెవరో దుప్పటిలా బండకేసి ఉతికినట్టుండేది. జీపీ, అంటే అక్కడ మొదట చూసే మా పేట డాక్టరు, రెండుసార్లు రక్తం పరీక్షలు చేయించాడు. రెండుసార్లూ నార్మల్. ఆ మాట మా ఆయనకు వేదమైపోయింది.

"నీ రక్తానికే లేని నొప్పి నీకెక్కడిదే?" అనేవారు, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

చివరికి పెద్దాసుపత్రిలో అపాయింట్‌మెంట్ దొరికింది. డాక్టరు తెలుగబ్బాయేనట. నా కోరిక ఒక్కటే. "ఈవిడ నొప్పి నిజం" అని ఆ అబ్బాయి మా ఆయన చెవిన పడేలా అనాలి. మందు ఇవ్వకపోయినా సరే!

తెలివిగల ఆడదైతే నలిగిన చీరలో మూలుగుతూ వెళ్తుంది. నేనేం చేశాను? మన పిల్లాడి దగ్గరికి ఉత్త చేతులతో ఎలా వెళ్ళడమని ముందురోజు సున్నుండలు చుట్టాను. ఒక్కో ఉండకీ వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టుంది. మర్నాడు పట్టుచీర కట్టుకుని పెళ్ళికి వెళ్ళేదానిలా బయల్దేరాను.

"ఎలా ఉన్నారు ఆంటీ?" అన్నాడు డాక్టరు.

"మీ దయ వల్ల బాగున్నాను బాబూ."

పక్కన మా ఆయన కుర్చీలో హాయిగా వెనక్కి వాలారు.

డాక్టరు నా మెడ మీద, భుజాల మీద, మోచేతుల దగ్గర నొక్కాడు. "నొప్పిగా ఉందా?"

చుక్కలేం ఖర్మ, సూర్యచంద్రులిద్దరూ ఒకేసారి కనిపించారు. కానీ పరాయి మగవాడి ముందు కేకలా? పురిటి నొప్పులు కూడా పళ్ళ బిగువున పడ్డ వంశం మాది.

"పర్లేదు బాబూ," అని నవ్వాను.

"పిడికిలి బిగించగలరా?"

"బిగించలేకపోతే ఇవెలా వచ్చాయండీ?" అంటూ మా ఆయన సున్నుండల డబ్బా తీసి బల్ల మీద పెట్టారు. "నిన్ననే చుట్టింది. ఒకటి తీసుకోండి."

నా కేసు నా చేతి వంటతోనే కొట్టేశారు. డాక్టరు అయోమయంగా చూసి, పక్క గదిలో బీపీ చూపించుకు రమ్మన్నాడు.

అక్కడ నర్సు ఓ తెల్లపిల్ల. "స్మాల్ స్క్వీజ్, లవ్," అని, కాస్త బిగుస్తుందమ్మా అన్నట్టు ముద్దుగా చెప్పి, నా చేతికి పట్టీ చుట్టి మీట నొక్కింది. అది కొండచిలువలా బిగుసుకుంది. ఎదురుగా ఉన్నది ఆడపిల్ల, పైగా తెలుగు రాదు. ఇంకెవరి కోసం మర్యాద?

"ఓరి నాయనో! చచ్చానే అమ్మా!"

బయట కాలికి కట్టుతో కూర్చున్న పెద్దాయన ఊతకర్ర లేకుండానే లేచి నిలబడ్డాడట.

డాక్టరు పరుగెత్తుకొచ్చాడు, వెనకే మా ఆయన.

"ఇందాక నేనంత గట్టిగా నొక్కితే నవ్వారు కదా ఆంటీ!"

"మీ ముందు అరిస్తే ఏం బాగుంటుంది బాబూ?"

ఆ అబ్బాయి తల పట్టుకున్నాడు. మళ్ళీ మొదటి నుంచీ అన్నీ అడిగాడు. ఈసారి నర్సు వైపు చూస్తూ నిజాలు చెప్పాను. అంతా విని, దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారన్నాడు.

"మరి రక్తంలో ఏమీ లేదన్నారే?" అని అడిగారు మా ఆయన.

"రక్త పరీక్షలో ఇది కనపడదు అంకుల్. నరాలు తెచ్చే కబురుని వెన్నుపాము, మెదడు పెద్దది చేసి వింటున్నాయని మా అనుమానం. రేడియోలో వాల్యూమ్ పెరిగిపోయి అలాగే ఉండిపోయినట్టు. నిద్ర సరిగా పట్టకపోవడం, మెదడులో కొన్ని రసాయనాల తేడా, ఇవి కూడా కారణాలు కావచ్చు. అసలు కారణం ఇంకా ఎవరికీ పూర్తిగా తెలీదు. కానీ ఆవిడ నొప్పి మాత్రం నిజం."

పట్టుచీర కట్టుకున్నందుకు అప్పుడు ఫలితం దక్కింది.

కారెక్కాం. మూడు రౌండబౌట్ కూడళ్ళు దాటాక మా ఆయన నెమ్మదిగా అన్నారు. "ఇంత నొప్పని నాకోసారి గట్టిగా చెప్పొచ్చు కదే?"

"ఎన్నేళ్ళ నుంచో చెప్తూనే ఉన్నాను. నాకు వాల్యూమ్ పెరిగింది, మీకు తగ్గింది. పాపం, ఆ అబ్బాయి ఒక్కరినే చూసి పంపించాడు."

కనుక చదువరులారా, మీ అందరి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఏ డాక్టరైనా "ఎలా ఉన్నారు" అని అడిగితే ముందు కేక పెడతాను. నమస్కారం ఆ తర్వాతే.