పల్లంలో ఆపిన జీపు

ముంచింగిపుట్టు సంతకు పాత జీపులు తోలేవాళ్లెవరూ బండిని పల్లంలో ఆపరు. వాలు మీద ముక్కు దిగువకు పెట్టి, చక్రం కింద రాయి వేస్తారు. పొద్దున్న రాయి తీస్తే బండి జారుతుంది, గేరు వేస్తే ఇంజిను అందుకుంటుంది. ఇది మా ఊరి ఎలీయేజరుకు తెలియంది కాదు. తెలిసీ చేశాడు, అందుకే నాకు ఒళ్లు మండుతుంది.

అసలు అతను జీపు కొన్నదే భార్య ఏంజెలిన్ కోసం. తొలి కాన్పుకు నొప్పులొచ్చినప్పుడు బండి దొరకలేదు. డోలీలో మోసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. బిడ్డ ఏడవకుండానే పుట్టి, ఏడవకుండానే పోయింది. ఎద్దుల్ని అమ్మి ఆ పాత జీపు తెచ్చాడు. ఈసారి బండి నీ గుమ్మంలోనే ఉంటుందని ఆమెకు మాటిచ్చాడు.

బండి ఉంటే సరా, డీజిలు పోయించాలంటే జనం ఎక్కాలి కదా. సంతలో అందరూ ధర్మ అనేవాడి జీపుకే ఎగబడేవారు. అందులో పాట పెడితే సీటు అదిరేది. కుర్రాళ్లు దాని టాపు మీదైనా వేలాడేవారు గాని ఎలీయేజరు బండి ఎక్కేవారు కాదు. నెలలు నిండిన భార్యను ఇంట్లో వదిలి, ఖాళీ బండితో ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే అతనికి ఏడుపొచ్చేది.

అలా సీటు అదిరించే కొత్త సబ్‌వూఫరు కొనే తాహతు లేదు. పాడేరులో పాత సామాన్ల కొట్టులో ఒక స్పీకరు, ఒక ఆంప్లిఫయరు దొరికాయి. విరిగిన చర్చి బల్ల చెక్కలతో పెట్టె చేశాడు. సందుల్లోంచి గాలి పోయి రేకు డబ్బాలా మోగితే, పై ఊరి గాసి గుగ్గిలం కరిగించి పూశాడు. లోపల బూరుగు దూది కుక్కారు. అప్పుడొచ్చింది కడుపులో తగిలే మోత. కానీ స్విచ్చి ఖర్చు ఎందుకని ఎలీయేజరు ఆంప్లిఫయరు తీగను నేరుగా బ్యాటరీకే బిగించేశాడు. పాట ఆగినా అది రాత్రంతా బ్యాటరీని తాగుతూనే ఉండేది. రోజూ దొర్లించి స్టార్టు చేసేవాడికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

ఆదివారం ఆరాధనలో పాటలు అందరికీ వినిపించాలని శనివారమే బండిని చర్చి ముందు పల్లంలోకి దింపాడు. మర్నాడు ప్రార్థన మధ్యలో అతని తల్లి మగ్దలేనమ్మ పరుగెత్తుకొచ్చింది.

“నొప్పులొచ్చేసినాయిరా. బేగి బండి తియ్యి.”

తాళం తిప్పితే టక్కుమంది, అంతే. ఆ పల్లంలో ఫోను సిగ్నలు కూడా అందదు.

ఏంజెలిన్‌ను మంచం మీద మోసుకొచ్చారు. జీపులో వెనకంతా ఆ పెట్టే. ఎలీయేజరు గడ్డపారతో దాన్ని పెకలించి బయట పడేశాడు. తొయ్యండని అందరికీ దణ్ణాలు పెట్టాడు. తోసిన వాళ్లలో నేనూ ఉన్నాను. సగం దాకా ఎక్కి బండి మళ్లీ వెనక్కి జారింది. లోపల ఏంజెలిన్ పళ్లు బిగించి అంది:

“డోలీ కట్టండి. నాను ఈ బండిలో సావను.”



“ఒకేసారి తొయ్యకండిరా. అడుగడుక్కీ చక్రం యెనకాల రాయెయ్యండి,” అన్నాడు గాసి.

అలా రాయి వెనక రాయి వేసుకుంటూ గట్టెక్కించాం. అవతలి వాలులో ఇంజిను అందుకుంది.

ఆసుపత్రి ఆవరణ అంతా చదునే. కష్టమైతే పాడేరు పంపాలి, బండి ఉంచమని నర్సు చెప్పింది. ఎలీయేజరు సీటులోంచి లేవలేదు. కాలు తీస్తే ఇంజిను ఆగిపోతుంది. ఆగితే ఇక్కడ రాదు. యాక్సిలరేటరు తొక్కిపెట్టి, స్టీరింగు మీద తల ఆనించి దేవుణ్ణి బతిమాలుకున్నాడు.

మగ్దలేనమ్మ గుమ్మంలోకి వచ్చి ఏదో అంది. ఇంజిను మోతలో వినపడలేదు. ఆమె ఏడుస్తోంది. తొలి కాన్పప్పుడూ అలాగే నిలబడి ఏడ్చింది. మళ్లీ ఏదో అంది.

ఎలీయేజరు కాలు తీసేశాడు. ఇంజిను ఆగిపోయింది.

“ఏటమ్మా?”

“ఆడగుంటరా,” అంది మగ్దలేనమ్మ. “ఏడుత్తంది. ఇనబడట్లేదా?”

అప్పుడు వినపడింది.