గిటారు పెట్టె మీద పాలగిన్నెలు

వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసేసరికి మా మరిది గిటారు ఆంప్లిఫయర్ మీద రెండు పాలగిన్నెలు ఉన్నాయి. పెట్టెకు కరెంటు ఉంది. మరిది ఎదురుగా కుర్చీలో కూర్చుని వాయిస్తున్నాడు. మా చిన్నోడు పక్కనే నేల మీద దొర్లుతున్నాడు. అత్తమ్మ తాపీగా గిన్నెల మీద మూతలు సర్దుతోంది. నా గుండె జారిపోయింది. ఆ రోజుల్లో నా గుండె జారడానికి పెద్ద కారణాలేవీ అక్కర్లేదు. పిల్లలు పల్లీలు తింటే గొంతుకు అడ్డం పడతాయని భయం, బస్సెక్కితే కిటికీలోంచి చెయ్యి బయట పెడతారని భయం, ఏమీ చేయకుండా కుదురుగా కూర్చుంటే జ్వరం వస్తోందేమోనని ఇంకా భయం. బి.ఎస్సీ.లో ఫిజిక్స్ చదవడం వల్ల నాకు జరిగిన మేలు ఒక్కటే, నా భయాలకు కారణాలు కూడా చెప్పగలిగేదాన్ని. (ఇప్పుడు తగ్గిందా అని అడగకండి. ఇది రాస్తూ మధ్యలో లేచి వెళ్లి, పడుకున్న, నాకన్నా పొడుగైపోయిన పిల్లల దుప్పట్లు సర్ది వచ్చాను.)

"దించండి అత్తమ్మా, అందులో మూడు నాలుగు వందల వోల్టులు ఉంటాయి" అన్నాను.

"ఉంటే ఉండనీ బిడ్డా. ఎచ్చగుంది. ఈ చలికి పాలు తోడుకుంటలేవు గదా."

"ఒలికితే?"

"నేను పెట్టిన గిన్నె ఎన్నడన్న ఒలికిందా?"

నిజంగానే ఎన్నడూ ఒలకలేదు. అత్తమ్మతో వాదన పెట్టుకుంటే వచ్చే చిక్కే అది.

మా ఆయన బ్యాంకు ఉద్యోగం వల్ల మేమప్పుడు జూలూరుపాడులో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. అడవి వైపు నుంచి చలి ఎంత గట్టిగా దిగేదంటే రాత్రి తోడేసిన పాలు మర్నాడు మధ్యాహ్నానికి కూడా పాలలాగే ఉండేవి. ఆ చలికాలంలోనే మరిది కొత్తగూడెం నుంచి బస్సు టాపు మీద ఈ పెట్టెను తీసుకొచ్చాడు. అక్కడ గనుల కాలనీలో ఎప్పుడో మూతబడిన ఒక ఆర్కెస్ట్రా వాళ్లు, ఇంట్లో చోటు ఖాళీ అయితే చాలని ఇచ్చేశారట. ట్రాన్సిస్టర్లు రాకముందుది, లోపలన్నీ బల్బుల్లా వెలిగే గాజు వాల్వులే. బియ్యం బస్తా అంత బరువు. అంత బరువు మోసుకొచ్చాక అందులోంచి వచ్చిన చప్పుడు జలుబు చేసిన మనిషి దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉంది.

మరిది అప్పటికే డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్నాడు. మా ఆయన సత్తుపల్లిలో తెలిసినవాళ్ల ఎరువుల కొట్టులో వాడికి పని మాట్లాడి పెట్టాడు. ఇంతలో పాల్వంచలో ఒక ఆర్కెస్ట్రా నడిపే కీబోర్డు మాస్టారు కబురు పంపాడు. "మా గిటారు పిలగాడు పెండ్లి చేసుకొని పోయిండు. నీకు సొంత ఆంప్లిఫయర్ ఉంటే ఆదివారం పెండ్లికి రా. బాగుంటే మాతోనే ఉండు." ఆదివారం బాగా వాయిస్తే ఆర్కెస్ట్రా, లేకపోతే సోమవారం నుంచి యూరియా బస్తాలు. మరిది ఆ వారమంతా సరిగా అన్నం తినలేదు. వాడు తినకపోతే అత్తమ్మా తినేది కాదు. వాళ్లిద్దరూ తినకపోతే నేనెట్లా తింటాను.

"కరెంటు సంగతి కదా, నువ్వే చూడు. చదువుకున్నదానివి" అని మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. నాకూ ఒక సంగతి అర్థమైంది. ఆ పెట్టె నా పిల్లల దగ్గర్నుంచి దూరంగా పోవాలంటే అది బాగుపడి ఆర్కెస్ట్రాతో వెళ్లిపోవాలి. పాడుగానే ఉంటే మరిది దాన్ని జీవితాంతం నా వరండాలోనే గోకుతూ కూర్చుంటాడు. కాబట్టి బాగుచేయడానికి ఒప్పుకున్నాను, కొన్ని షరతుల మీద. వెనక చెక్క విప్పాలంటే ప్లగ్గు పీకాలి. చెక్క తిరిగి బిగించేదాకా కరెంటు పెట్టకూడదు. ప్లగ్గు పీకినా లోపల కరెంటు నిలవ ఉంటుంది కనుక అన్నం ఉడికి వార్చేంతసేపు ఆగి అప్పుడు విప్పాలి.

"పీకినంక గూడ కరెంటుంటదా?" అంది అత్తమ్మ. "మీ ఎర్రుపాలెం దిక్కు కరెంటు గట్ల ఉంటదేమో గని, మా దిక్కు పీకితే పోతది."

నేను మా ఆయన హవాయి చెప్పులు తొడుక్కుని, పీట మీద నిలబడి పని మొదలుపెట్టాను. ఇలాంటి పెట్టెల్లో చెయ్యి పెట్టేటప్పుడు షాకు కొట్టినా గుండె మీదుగా పోకుండా రెండో చెయ్యి జేబులో పెట్టుకోవాలని కాలేజీ ల్యాబులో మా మాస్టారు చెప్పేవారు. చీరకు జేబు ఎక్కడిది, ఆ చేతిని కొంగులో చుట్టుకున్నాను. మరిది స్క్రూడ్రైవరు అందిస్తూ నా వాలకం చూసి నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. "వదినా, ఆంప్లిఫయర్ బాగుచేస్తున్నవా, పాము పడుతున్నవా?" స్విచ్చులు తుడిచాం, మట్టి దులిపాం, ఊడిన తీగ అతికించాం, స్పీకరు చూశాం. అన్నీ బాగానే ఉన్నాయి. చెక్క బిగించి కరెంటు పెడితే మళ్లీ అదే జలుబు.

గురువారం సాయంత్రం అత్తమ్మ గిన్నెలు దించి చూసింది. కుడివైపు గిన్నెలో పెరుగు కత్తితో కోసేటట్టు ఉంది. ఎడమవైపుది పాలు.

"ఈ గిన్నెల తోడేసిందెవరు?"

"నేనే అత్తమ్మా."

"అట్లనా" అంది. అంతే అంది. కానీ ఆ ఒక్క మాట నా పెళ్లైన దగ్గర్నుంచి నేను వండిన కూరలన్నిటి మీదా పడింది.

నాకు పౌరుషం వచ్చింది. మర్నాడు నేను తోడేసిన గిన్నె కుడివైపు పెట్టి, అత్తమ్మ తోడేసినదాన్ని ఎడమకు జరిపాను. పాలు, తోడు, గిన్నెలు అన్నీ ఒకటే. మరిది మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేవేళ దాకా వాయించాడు. మూతలు తీస్తే నాది గట్టి పెరుగు, అత్తమ్మది పాలు. అత్తమ్మ వేలు ముంచి చూసుకుంది. మళ్లీ ముంచి చూసుకుంది. నేను చదువుకున్న మూడేళ్లలో ఏ ప్రయోగం నాకంత సంతోషం ఇవ్వలేదు. ఆ సంతోషంలో ఉండగానే నా చెయ్యి పెట్టె మీద ఎడమవైపు పడింది. చల్లగా ఉంది. కుడివైపు పెట్టి చూశాను. పెనంలా ఉంది.

లోపల పెద్ద వాల్వులు రెండు, అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి. రెండూ కలిసి పనిచేయాలి. ఎడమది వెలగడమే లేదు. కరెంటు పెట్టి వెనక నుంచి తొంగిచూస్తే మొదటి రోజే తెలిసేది. చూడనివ్వనిది ఎవరు? నా షరతులే. కరెంటు ఉన్నప్పుడు చెక్క విప్పనివ్వలేదు, విప్పినప్పుడు కరెంటు పెట్టనివ్వలేదు. ఆరిపోయి ఉన్నప్పుడు మంచి వాల్వూ చచ్చిన వాల్వూ ఒకేలా ఉంటాయి మరి. పిల్లలిద్దరినీ పక్కింట్లో దిగబెట్టి వచ్చి, మరిదిని గుమ్మం అవతల నిలబెట్టి, చెక్క విప్పి ఉండగానే నేనే కరెంటు పెట్టాను. కుడివైపు నిప్పుకణిక. ఎడమవైపు చీకటి.

శనివారం మరిది ఖమ్మం వెళ్లి రేడియో కొట్లన్నీ తిరిగి ముఖం వేలాడేసుకుని వచ్చాడు. "ఇప్పుడు వాల్వులు ఎవరడుగుతున్నరు తమ్మీ, టేప్ రికార్డరు కొనుక్కోపో అంటున్నరు." వరండా మెట్ల మీద కూర్చుని, ఎరువుల కొట్టుకు పొద్దున బస్సు ఎన్నింటికని అడిగాడు.

అత్తమ్మ లేచి లోపలికి వెళ్లింది. మా మామగారు పోయినప్పటి నుంచి ఆయన వాల్వు రేడియోను పూల గుడ్డ కప్పి గూట్లో పెట్టుకుంది. దుమ్ము కూడా ఇంకెవరినీ దులపనిచ్చేది కాదు. దాన్ని రెండు చేతులతో ఎత్తుకొచ్చి మరిది పక్కన పెట్టింది.

"దీన్ల ఉంటయేమో సూడండ్రి."

"అమ్మా, అది నాయినది" అన్నాడు మరిది.

"అవ్, నాయినదే. పాడినన్నాళ్లు పాడింది, ఇప్పుడు ఊకనే కూసున్నది. నీ పనికొస్తే నాయిన వద్దంటడా? జల్దీ ఇప్పు."

విప్పాను. చెప్పులు, పీట, కొంగు, అన్నీ మామూలే. అందులో అలాంటి వాల్వే ఒకటి ఉంది, అదే నంబరు, అవే తొమ్మిది కాళ్లు. ఎడమవైపు గుచ్చి, చెక్క బిగించి, కరెంటు పెట్టాం. మరిది ఒక్క తీగ మీటాడు. కిటికీ ఊచలు జిల్లుమన్నాయి. పక్కింటి కుక్క లేచి వెళ్లిపోయింది. మా ఆయన మొదటిసారి పేపరు దించాడు. అత్తమ్మ మాత్రం కొంగుతో కళ్లొత్తుకుంటూ, "గింత లొల్లి ఎందుకురా, తగ్గించు" అంది.

ఆదివారం సాయంత్రం పెళ్లికి అందరం వెళ్లాం. మరిది వాయించాడు. జనం మళ్లీ వాయించమన్నారట, మాస్టారు వాడి భుజం తట్టి వచ్చే పెళ్లికి కూడా రమ్మన్నాడట. ఇవన్నీ తర్వాత మా ఆయన చెప్పినవే. నేను స్టేజీ వెనక ప్లగ్గు దగ్గర, చెయ్యి స్విచ్చు మీద పెట్టుకుని, నేల మీది వైరును చూస్తూ నిలబడ్డాను. దాని మీదుగా ఎవరు నడవబోయినా, "అటు నుంచి రండి బాబూ" అని తరుముతూనే ఉన్నాను. పెట్టెను ఆర్కెస్ట్రా వ్యానులోకి ఎక్కిస్తున్నప్పుడు మరిది పరుగున వచ్చి, "విన్నవా వదినా?" అన్నాడు. తల ఊపాను. ఇప్పుడు వెనక్కి వెళ్లి, అప్పటి నేనే అయిన ఆ అమ్మాయి పక్కన నిలబడే వీలుంటే, కాసేపు వైరు నేను చూస్తాను, నువ్వు వెళ్లి పాట విను అని చెప్పేదాన్ని. ఆమె వెళ్లేదని మాత్రం అనుకోను.

పిల్లలిద్దరూ పాటలు మొదలవ్వకముందే వాళ్ల నానమ్మ ఒళ్లో నిద్రపోయారు. పొద్దున్నే కళ్లు నులుముకుంటూ వచ్చి పెద్దది, "బాబాయి ఏం పాటలు వాయించిండమ్మా?" అని అడిగింది. చిన్నోడు కూడా వచ్చి నా కొంగు పట్టుకుని నిలబడ్డాడు.

"నాకు తెలీదురా" అని చెప్పాను. "కానీ బాబాయి వాయించినంతసేపూ ఆ వైరుకి ఎవరి కాలూ తగల్లేదు."