పగడాల మాస్టారి ఇరవై మార్కులు

పగడాల మాస్టారు పాఠం మొదలుపెట్టారంటే పక్క క్లాసులో లెక్కల టీచరు లేచి తలుపేసుకునేది. గొంతు అలాంటిది మరి. "పగడమంటే రాయి కాదర్రా! చెట్టూ కాదు! ప్రాణి! గోరంత కూడా లేని ప్రాణులు లక్షలాదిగా చేరి కట్టుకున్న ఇల్లు పగడపు దిబ్బ!" అని బల్ల గుద్దేవారు. ఆ గుద్దుకి ముందు బెంచీ మీద పెన్సిళ్లన్నీ దొర్లి కింద పడేవి. సముద్రం వేడెక్కితే పగడం రంగుపోయి తెల్లబడుతుందని చెప్పే చోట మటుకు గొంతు దించి, సొంత మేనత్త పోయినంత దిగులుగా కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. ఏటా అదే వాక్యం దగ్గర కళ్లజోడు తీస్తారని పెద్ద క్లాసు పిల్లలు చిన్న క్లాసు వాళ్లకి ముందే చెప్పిపెట్టేవారు. పాపం పిల్లలు ఆ వాక్యం వచ్చేదాకా నవ్వు బిగబట్టుకుని కూర్చునేవారు.

ఇంత ప్రేమ ఒలకబోసే మనిషి ఆ దిబ్బని ఎప్పుడైనా చూశారా అంటే, అబ్బే, లేదు. బడి మేడెక్కితే సముద్రం కనిపిస్తుంది. దిబ్బ ఒడ్డుకి దగ్గర్లోనే ఉంది. నీళ్లు బాగా వెనక్కి తీసిన రోజున మోకాళ్ల లోతులో నడిచి వెళ్లొచ్చు. అయినా ఆయన గారి చెప్పులు ఏనాడూ తడవలేదు. నీళ్లంటే చచ్చేంత భయం. ఆ మాట ఒప్పుకుంటే మాస్టారెలా అవుతారు? "పుస్తకంలో ఉన్నదే కదా అక్కడుండేది" అనేవారు.

మాస్టారి బావమరిదికి అద్దాల పడవ ఉంది. అడుగున మందపాటి అద్దం బిగించి, వచ్చినవాళ్లకి నీళ్లకింద చేపల్నీ దిబ్బనీ చూపిస్తుంటాడు. "ఒక్కసారి రా బావా, నీ పగడాల్ని నీకు చూపిస్తాను" అని అతను అడగడం, "ఈ ఆదివారం పేపర్లు దిద్దాలోయ్" అని ఈయన తప్పించుకోవడం పెళ్లయినప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. ఇంట్లో కుట్టుమిషను మీద బడి యూనిఫారాలు కుట్టే మాస్టారి భార్య ఒకరోజు దారం పంటితో తెంపి, "బకెట్లో లోతెంతో చూసుకునిగానీ స్నానానికి కూర్చోరురా ఈయన. వదిలెయ్ తమ్ముడూ" అంది. మాస్టారు వినబడనట్టు పేపరు తిరగేశారు.

ఉత్తినే పాఠం చెబితే పిల్లల బుర్రకెక్కదని మాస్టారే ప్రాజెక్టు అనే ఏర్పాటు చేశారు. ప్రతి పిల్లా పగడానికి ఒక నమూనా తయారుచేసి తేవాలి. దానికి ఇరవై మార్కులు. మొదటి ఏడు అట్టముక్కలూ, థర్మోకోలూ, రంగు పూసిన కొబ్బరి పీచూ వచ్చాయి. ఒకడు మటుకు నీళ్లలోకి నడిచి వెళ్లి నిజం పగడపు కొమ్మే విరుచుకొచ్చాడు. మాస్టారు దాన్ని రెండు చేతులా పైకెత్తి క్లాసంతా తిప్పారు. "చూడండర్రా! నమూనా అంటే ఇదీ! సహజమైనది!" అని ఇరవైకి ఇరవై వేశారు. రాత్రీ పగలూ కూర్చుని థర్మోకోలు చెక్కినవాడికి పన్నెండు.

పిల్లలు అమాయకులే. మార్కుల దగ్గర మటుకు కాదు. మరుసటి ఏడు ఒక్క థర్మోకోలు ముక్క కూడా రాలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. నీళ్లలోంచి తెచ్చిన కొమ్మ మట్టిరంగులో, నీచు కంపు కొడుతూ ఉంటుంది కదా. మాస్టారు ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని "శుభ్రంగా తేవాలమ్మా" అని రెండు మార్కులు కోసేవారు. రెండు మార్కులు పోతే అమ్మలు ఊరుకుంటారా? బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్లలో నానబెట్టి, బట్టల బ్రష్షుతో రుద్ది, డాబా మీద ఎండబెట్టి, తళతళలాడే తెలుపు చేసి పంపేవారు. పగడం తెల్లబడిందంటే చావుకి దగ్గరైనట్టేనని సోమవారం కళ్లజోడు తుడుచుకున్న మనిషే, తెల్లగా మెరిసిపోయేదానికి శుక్రవారం పూర్తి మార్కులు వేసేవారు. ఈ రెండూ ఒకే బుర్రలో గొడవ పడకుండా అన్నేళ్లు ఎలా కాపురం చేశాయో ఆ బుర్రకే తెలియాలి.

సైన్సు గది బీరువాలు నిండిపోయాయి. కిటికీ గట్లు నిండిపోయాయి. ప్రిన్సిపాల్ గారి బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా ఒకటి. ఆఖరికి స్టాఫ్ రూము తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టింది కూడా ఒక పగడమే. ఆ గదుల మధ్య తిరుగుతుంటే మాస్టారికి కడుపు నిండినట్టుండేది.

ఒక్క వెలితి ఉండేది. ఉత్తమ ఉపాధ్యాయుడి అవార్డు. పోయినసారి అది డ్రాయింగు మాస్టారికి వచ్చింది. "మామిడిపండు బొమ్మ వేయించేవాడికి అవార్డా?" అని ఆ రోజునుంచీ మన మాస్టారికి తిన్నది ఒంటపట్టలేదు. రిటైర్మెంటు దగ్గర పడుతోంది. ఈసారి రాకపోతే ఇక జన్మలో రాదు. అందుకని దరఖాస్తులో ఉన్నదానికి నాలుగింతలు చేసి, "మా విద్యార్థులు పగడపు దిబ్బను కంటికి రెప్పలా కాపాడుతున్నారు" అని రాసేశారు.

దరఖాస్తు పరిశీలించడానికి విద్యాశాఖ ఆఫీసరు గారు వచ్చారు. బీరువాలు చూసి చంకలు గుద్దుకున్నంత పని చేశారు. టీ తాగి, కప్పు కింద పెట్టి, "మరి ఆ దిబ్బని కూడా చూసేద్దామా? కాపాడుతున్నామని రాశారు కదా" అన్నారు.

"ఎండగా ఉందేమో సార్..." అని మాస్టారు నీళ్లు నమిలారు. ఆఫీసరు గారు అప్పటికే టోపీ పెట్టేసుకున్నారు.

బావమరిది పడవ సిద్ధం చేశాడు. దారిలో వివరించడానికి ఏడో తరగతి అమ్మాయిని వెంటబెట్టుకెళ్లారు. నోరు మూతపడదని ఆ పిల్లని బళ్లో అందరూ వసపిట్ట అంటారు. మాస్టారు రెండు చేతులా బల్ల పట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నారు. బావమరిది మీసాల్లో నవ్వుకుంటూ, "ఊపిరి తీసుకో బావా, దానికి టికెట్టు లేదు" అన్నాడు.

"పాపా, పగడపు దిబ్బలకి ముప్పులేమిటి?" అని ఆఫీసరు గారు అడిగారు.

"సముద్రం వేడెక్కడం సార్, మురుగునీళ్లు వదలడం సార్, ప్లాస్టిక్కు సార్, పడవల లంగర్లు సార్, మందుగుండు పెట్టి చేపలు పట్టడం సార్!" వసపిట్ట ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్పేసింది. మూసిన కళ్ల వెనకే మాస్టారు పొంగిపోయారు.

"ఇదిగో, వచ్చేశాం. ఇప్పుడైనా చూడు బావా" అన్నాడు బావమరిది.

మాస్టారు కళ్లు తెరిచి అద్దంలోకి చూశారు. కింద బూడిదరంగు మోళ్లు. నరికేసిన తోటలో మిగిలినట్టు, ఎటు చూసినా మోళ్లే. వాటి మీద పాచి. పసుపురంగు చేప ఒకటి దాక్కోవడానికి చోటు దొరక్క అటూ ఇటూ తిరుగుతోంది. క్లాసు గోడ మీది చార్టులో ఉన్న నీలం, ఊదా, నారింజ ఎక్కడా లేవు. ఆయనకి భయం పోయి కోపం వచ్చేసింది.

"ఎవడీ పని చేసింది? నీ లంగరేనా?" అని బావమరిది మీద విరుచుకుపడ్డారు.

అతను నోరు తెరిచేలోగా వసపిట్ట అందుకుంది. "అయ్యో, లంగరు కాదు మాస్టారూ! ఇవన్నీ మనవే!" అంటూ మోకాళ్ల మీద కూర్చుని, అద్దం మీద వేలు పెట్టి చూపించసాగింది. "అదిగో ఆ వరసంతా మా అన్నయ్య వాళ్ల క్లాసుది. ఈ పెద్ద మోడు మా అక్కది. జింక కొమ్ముల్లా ఉండేది చూడండి, మీరు ప్రిన్సిపాల్ గారికిచ్చారు, అదన్నమాట. ఇదేమో నాది! ఒక్క దెబ్బకి రాలేదు మాస్టారూ, రాయెట్టి కొట్టాం. ఇరవైకి ఇరవై!"

ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. మాస్టారు ఆ మొహం చూడలేకపోయారు. అద్దంలోకీ చూడలేకపోయారు. తలకొట్టేసినట్టయింది. ఇన్నేళ్లూ గొంతు చించుకుని కాపాడమన్నదాన్ని, ఏడాదికో క్లాసు చొప్పున తనే విరగ్గొట్టించారు. పిల్లలు ఆయన చెప్పిన పాఠం విన్నారు. మార్కులు దేనికి వేస్తున్నారో కూడా చూశారు. చూసినదే చేశారు.

"అద్భుతం మాస్టారూ!" ఆఫీసరు గారు తొడ చరిచారు. పడవ ఊగింది. "పిల్లలు స్వయంగా నీళ్లలో దిగి సేకరించడం! ఎంత చొరవ! తీరం పొడుగునా అన్ని బళ్లలోనూ ఇదే పెట్టించేస్తాను. పిల్లకో పగడం. పేరు కూడా కుదిరిపోయింది! ఇక అవార్డంటారా, మీ ఇంట్లో ఉన్నట్టే అనుకోండి."

మాస్టారు నోరు మూసుకుని ఒక్క నవ్వు నవ్వితే చాలు. డ్రాయింగు మాస్టారి మొహం ఎలా మాడిపోతుందో కూడా కళ్లకి కట్టింది. నిజం చెప్పాలంటే, నవ్వారు కూడా. సగం నవ్వు. ఈలోగా తీరం పొడుగునా ఉన్న బళ్లన్నీ గుర్తొచ్చాయి. ఒక్కో బడికి ఎన్ని క్లాసులో, ఒక్కో క్లాసుకి ఎంతమంది పిల్లలో ఆయనకి తెలియనిదా? నవ్వు అక్కడే ఆగిపోయింది.

"వద్దండి" అన్నారు.

"ఏం వద్దు?"

"పిల్లకో పగడం వద్దు సార్. ఈ దిబ్బని సముద్రం చంపలేదు. నేను చంపించాను. మార్కులేసి మరీ చంపించాను." క్లాసులో కిటికీలు అదరగొట్టే గొంతు పీలగా వచ్చింది.

"భలేవారే! నాలుగు కొమ్మలు విరిగితే సముద్రానికేం తక్కువ?"

"నాలుగు కాదు సార్. చూడండి." అద్దం చూపించారు. "ఒక్కో కొమ్మ వేలెడు పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఆ సంగతీ నేనే చెబుతాను, ప్రతి ఏడూ. దయచేసి ఇంకో బడికి ఈ రోగం అంటించకండి."

ఆఫీసరు గారికి మొహం కందిపోయింది. పేరు కూడా పెట్టేసిన పథకాన్ని పట్టుకుని రోగమంటాడా! "అలాగే. అయితే అవార్డు సంగతి ఇక మర్చిపోండి" అని టోపీ కళ్ల మీదకి లాక్కుని, అటు తిరిగి కూర్చున్నారు. బావమరిది పడవని ఒడ్డుకి తిప్పాడు.

వసపిట్ట నోరు ఆ పూట మొదటిసారి మూతపడింది. ఆఫీసరు గారి వీపు వంకా, మాస్టారి మొహం వంకా మార్చి మార్చి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీరే తెమ్మన్నారు కదా మాస్టారూ."

"అవును తల్లీ. నేనే తెమ్మన్నాను. నీ తప్పేం లేదు, తప్పంతా నాది."

ఆ పిల్ల గౌను అంచుతో ముక్కు తుడుచుకుంది. "అయితే పరీక్షలో ముప్పులేమిటని అడిగితే ఇది కూడా రాయాలా?"

"రాయాలమ్మా. అన్నిటికంటే ముందు రాయాలి."

"ఏమని రాయాలి?"

"మా సైన్సు మాస్టారు అని రాయి."

మాస్టారు ఎగతాళి చేయడం లేదని నమ్మకం కుదిరాక, వసపిట్ట సర్దుకుని కూర్చుని అడిగింది.

"దానికెన్ని మార్కులు మాస్టారూ?"