వంటింటి పరీక్ష

రికార్డింగ్ థియేటర్‌లో ఆయన్ని అందరూ చెవులాయన అంటారు. పాట బయటికి వెళ్లేముందు ఆఖరి మెరుగు దిద్దే పని ఆయనది. ఇరవై రెండేళ్లుగా ఆ మెరుగంటే ఒకటే అర్థం: గుసగుసని కేకతో సమానం చేసి, పాట మొత్తాన్నీ గోడలా నిలబెట్టడం. పక్కవాళ్ల పాట కంటే మనది గట్టిగా మోగాలి, అంతే. పక్కవాళ్లూ అదే అనుకున్నారు కాబట్టి పాటలన్నీ ఒకదాని మీద ఒకటి అరుచుకుంటూ కూర్చున్నాయి. ఆ పాపంలో ఈయన వాటా తక్కువేం కాదు.

ఇంట్లో మాత్రం ఆయనకి వేరే పరీక్ష ఉండేది. పూర్తయిన ప్రతి పాటనీ వంటింటి అలమరలోని చిన్న స్పీకర్లో పెట్టి, గడప దగ్గర నిలబడి భార్య చెయ్యి చూసేవాడు. ఆవిడ కూరగాయలు తరుగుతూనే, పట్టుమని నిమిషం గడవకుండా తడిచేత్తో సౌండు తగ్గించేసేది. అన్నేళ్లలో ఒక్క పాటా గట్టెక్కలేదు. తాను పరీక్షాధికారినన్న సంగతి ఆవిడకి తెలీదు. ఆయన చెప్పలేదు, చెబితే పరువు పోదూ?

అలాంటివాడి చేతికి సొంత అక్క పాట వచ్చిపడింది. ముప్పై ఏళ్లు కోరస్‌లో వెనక వరసలో నిలబడ్డ అక్కకి, యాభై నాలుగో ఏట, మొదటిసారి ఒంటరిగా పాడే అవకాశం. ఆమె గొప్పంతా ఎత్తుగడలోనే ఉంది. పక్కగదిలో ఎవరో పడుకున్నారన్నట్టు మొదలుపెట్టి, చరణం చివరికి ఇంటి కప్పు లేపేస్తుంది. అదంతా ఒకే ఎత్తుకి తెచ్చేస్తే ఆమె మళ్లీ కోరస్‌లో కలిసిపోయినట్టే. "మొదటి లైను మెల్లగానే ఉండనీరా" అని మాత్రం అంది అక్క.

అలా మెల్లగానే ఉంచిన పాట విని థియేటర్ ఓనరు ఒంటికాలి మీద లేచాడు. ఆయనకి తన కారే న్యాయస్థానం. ఇంజన్ ఆన్‌లో ఉండగా రెండు పాటలు వేస్తాడు, గట్టిగా మోగింది గెలిచినట్టు. అక్క మొదటి లైనుని ఇంజన్ మింగేసింది. గోల పెంచకపోతే పాట బయటికే రాదని తేల్చేశాడు.

మర్నాడు చెవులాయన రెండు రకాలూ కారు దగ్గరికి పట్టుకెళ్లాడు: ఒకటి గోడ, ఒకటి అక్క పాడింది పాడినట్టు. ఈసారికి ఇంజన్ ఆపమని బతిమాలాడు. గోడ మోగేటప్పుడు సౌండు తగ్గించి, రెండోదానికి పెంచి, చెవికి రెండూ సమానంగా ఆనేలా సర్దాడు. ఏది ఏదో చెప్పలేదు. ఓనరు మొదటిది వింటూ ముక్కు గోక్కున్నాడు. రెండోది అయ్యాక ఇటు తిరిగాడు.

"రెండోదే మాస్టారూ. దీని ముందు అది చప్పగా ఉంది. ఇదేగా గట్టిది?"

"కాదండీ, మెల్లనిది. గట్టిగా కావాలనుకున్నవాళ్లు పెంచుకుంటారు. ఆ మీట వాళ్ల చేతిలోనే ఉందిగా."

ఓనరు చివరికి రెండోదే పంపించమన్నాడు.

ఆ సాయంత్రం అక్క కూడా వంటింట్లో స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చుంది. చెవులాయన అలవాటు ప్రకారం గడప దగ్గరే నిలబడ్డాడు. పాట మొదలైంది. భార్య కత్తి పక్కన పెట్టింది. తడిచెయ్యి స్పీకర్ వైపు వెళ్లింది.

ఆవిడ సౌండు పెంచింది.

"మీరు ఊపిరి తీసుకోవడం కూడా వినపడుతోంది వదినా" అంది.

చెవులాయన గడప దాటి లోపలికొచ్చి, ఇన్నేళ్లలో మొదటిసారి, పీట వాల్చుకుని కూర్చున్నాడు.